పీటర్ అడిగిన మాట

నేను ఒక పదకొండు రూళ్ల కాగితాల కట్టను. పుస్తకాన్ని కాను, గమనించండి. ఒక డచ్చి నవల తెలుగు అనువాదానికి చివర దబ్బనంతో కుట్టిన అతుకుని. నవల పేరు అడక్కండి. దాని అట్ట నేను రాకముందే ఊడిపోయింది.

తెనాలిలో పానకాలరావు అద్దె పుస్తకాల షాపు మాది. ఆ రోజుల్లో జనం ఎగబడి చదివేవారు. చదివి ఊరుకుంటే మనుషులెలా అవుతారు? హీరో పేరు పక్కన పెన్సిలుతో 'వీడొట్టి వెధవ' అని ఒకరు రాస్తే, తర్వాత చదివినవారు కింద 'నువ్వే' అని జవాబిచ్చేవారు. ఒక మహానుభావుడు ఈ నవల చివరి పేజీలు చింపి ఇంట్లో పిల్లలకి పడవలు చేసిచ్చాడు. నా పుట్టుకకి కారణం ఆయనే కాబట్టి తిట్టను.

టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసే శేషరత్నం రోజూ ఆరింటికి డ్యూటీ దిగి షాపుకి వచ్చేది. పానకాలరావుకి అప్పటికి ముప్ఫై నిండలేదు. ఐదున్నరకే తల దువ్వుకుని కూర్చునేవాడు. ఈ నవల తీసుకెళ్లిన మర్నాడు ఆమె రుసరుసలాడుతూ వచ్చింది.

"ఇదేం అన్యాయమండీ! పీటర్‌కేమో రొట్టెల కొట్టు. మారికె రోజూ వచ్చి రొట్టె కొనుక్కెళ్తుంది. ఇద్దరి మనసులోనూ ఉంది, ఒక్కళ్లూ నోరు తెరవరు. తీరా చూస్తే చివర పేజీల్లేవు! నేనేమైపోవాలి?"

"ఇంకో కాపీ ఉందండీ. చూసి రాసిపెడతాను" అన్నాడు పానకాలరావు.

కాపీ లేదు, గీపీ లేదు. నాలుగు మధ్యాహ్నాలు షాపు తలుపు దగ్గరగా వేసుకుని, నీలం సిరాతో నన్ను సొంతంగా రాశాడు. చివరి పేజీలో పీటర్ రొట్టె పొట్లం కడుతూ, తలెత్తకుండా అడుగుతాడు: "రోజూ రొట్టె కోసమేనా వస్తున్నారు?" మారికె జవాబు రాద్దామని రెండుసార్లు కలం ఆనించాడు, తీసేశాడు. అది తను రాయాల్సింది కాదని అతనికి తెలుసు. సగం పేజీ ఖాళీగా మిగిలింది.

రత్నం నన్ను చదివి, ఎర్రబడ్డ కళ్లతో తెచ్చిచ్చింది. "ఎంత బాగా రాశాడండీ ఆ డచ్చాయన!" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పవయ్యా బాబూ, నేనే రాశానని చెప్పు! ఈ మహారాజు "అవునండీ, పెద్ద రచయిత" అని తల వంచుకున్నాడు.

నెల తిరక్కుండా ఆమెకి కర్నూలు బదిలీ అయింది. అక్కడే పెళ్లి కూడా అయిందని విన్నాం. పానకాలరావు చేసుకోలేదు. నన్ను మళ్లీ ఎవరికీ అద్దెకివ్వలేదు. బల్ల సొరుగులో పెట్టి, సాయంత్రం ఆరయ్యేసరికి ఒకసారి తెరిచి చూసి మూసేసేవాడు. అలా ముప్ఫై ఏళ్లు. అతని బెంగ నాకూ అంటుకుంది. రత్నం పేజీ తిప్పే ముందు అంచు పట్టుకుని కాసేపు ఆగేది. నన్ను మళ్లీ ఎవరూ అలా పట్టుకోలేదు.

పోయిన నెల ఒక సాయంత్రం షాపు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. జుట్టు తెల్లబడింది గానీ రుసరుస మాత్రం అదే.

"నేనండీ, ఎక్స్ఛేంజి రత్నాన్ని. మావారు పోయి నాలుగేళ్లయింది. ఇక్కడే మా చెల్లెలి దగ్గరుంటున్నాను. నిన్న ఫిల్మ్ క్లబ్బులో మన డచ్చి నవల సినిమా వేశారు, తెలుసా? ఆ ఆఖరి పేజీ కోసం ముప్ఫై ఏళ్లుగా కొట్టుకుపోతున్నాను. పీటర్, మారికె పేర్లు చూసి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ఏం తీశారండీ, నా బొంద! పీటర్ పిండి బస్తాల మీద జారిపడతాడు, అందరూ పకపకా నవ్వుతారు, చివరికి పడవ మీద పెళ్లి. అతను అడగాల్సిన మాటే లేదు! బంగారంలాంటి నవలని పాడుచేశారు."

పానకాలరావు సొరుగు లాగి నన్ను బల్ల మీద పెట్టాడు.

"సినిమావాళ్లని అనకండి. అసలు నవల్లో ఏముందో నాకూ తెలీదు. ఇంకో కాపీ ఎప్పుడూ లేదండీ. ఇది నేను రాసింది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, నన్ను చివరి పేజీకి తిప్పింది. అంచు పట్టుకుని ఆగింది. అవే వేళ్లు! నేను కాగితాన్ని కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏడ్చేసేదాన్ని.

"అంటే ఇది పీటర్ అడిగింది కాదన్నమాట" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"నోటితో అడిగి ఏడవొచ్చు కదండీ!" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "కలం ఇలా ఇవ్వండి."

ముప్ఫై ఏళ్లుగా ఖాళీగా ఉన్న నా సగం పేజీలో, 'రోజూ రొట్టె కోసమేనా' అన్న పీటర్ ప్రశ్న కింద, ఆమె గట్టిగా నొక్కి రాసింది:

"కాదు. అప్పుడు కూడా కాదు."