కనీ కనపడని పక్షి

డెబ్బై దగ్గర ఆమె వేలు ఆగింది. తెరంతా నల్లటి నలుపు. ఆ నలుపు మధ్యలో ఎక్కడో ఒక బూడిదరంగు పక్షి ఉండాలి. కింద రెండు వరసల్లో ‘పక్షి కనీ కనపడనట్టు ఉండేవరకు బ్రైట్‌నెస్ జరపండి’ అని రాసి ఉంది. ఆమె బాణం గుర్తు కీని మరో రెండుసార్లు నొక్కింది. రెక్క అంచు సన్నగా తేలింది. కాగితం మీద 72 అని వేసి, కూర్చున్న కుర్చీతోనే దొర్లుకుంటూ బల్ల రెండో చివరికి జరిగింది.

అక్కడ పాత మానిటర్ ఉంది. దాని వీపు బల్ల దాటి వెళ్ళి గోడకు ఆనుకుంటుంది. గాజు ముందుకు ఉబ్బి ఉంటుంది. ఆన్ చేస్తే లోపల ఠప్పుమని చప్పుడై, చెయ్యి దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ముంజేతి మీది వెంట్రుకలు లేస్తాయి. కాసేపటికి వెనక చిల్లుల్లోంచి వెచ్చటి దుమ్ము వాసన వస్తుంది. పదిహేడేళ్ళుగా ఆమె రోజు ఆ వాసనతోనే మొదలవుతుంది. అడుగు అంచున ఉన్న బ్రైట్‌నెస్ నాబును అలవాటుగా వెంట్రుకవాసి కుడికి తిప్పబోయింది. నాబు కదల్లేదు.

“నీకూ వయసైందే తల్లీ,” అని గాజును కొంగుతో తుడిచింది. తెర మీద పక్షి చక్కగా కనబడుతోంది.

వీడియో గేములు తయారుచేసే ఆ ఆఫీసులో ఆట మొదలవగానే ఆమె పని అయిపోతుంది. అంతకుముందు వచ్చే ఆప్షన్స్ పేజీలే ఆమె పని. శబ్దం పూర్తిగా తగ్గిస్తే నిజంగా తగ్గుతోందా, సబ్‌టైటిల్స్ పెద్దవి చేస్తే అక్షరాలు పెట్టె దాటిపోతున్నాయా, మధ్యలో భాష మారిస్తే అంతా మారుతోందా అని ఒక్కొక్కటే నొక్కి చూస్తుంది. ఏ ఆటనూ చివరిదాకా ఆడి ఎరగదు. “మా ఆవిడ ఆఫీసుకెళ్ళి గేములు ఆడుతుంది, జీతం కూడా ఇస్తారు,” అని ఆయన చుట్టాల దగ్గర వేళాకోళం చేసేవాడు. ఆమె మాత్రం నవ్వేది కాదు. ఆట కొన్నవాళ్ళలో చాలామంది ఆ బ్రైట్‌నెస్ పేజీ జోలికే పోరు. ఆమె పెట్టిన నంబరే ఎవరెవరి ఇళ్ళలోనో అలా ఉండిపోతుంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ఈమధ్య కొత్త మానిటర్ల మీద ఆమెకు ఒళ్ళుమంట. పలచగా, అట్టముక్కల్లా ఉంటాయి. పగటి దృశ్యం చూపించమంటే మెరిసిపోతాయి కానీ, చీకటి చూపించమంటే మాత్రం తారు పూసినట్టే. ఇంట్లో బల్బులదీ అదే వరస. “ఇవన్నీ గుడ్డి బల్బులు, పాతవే నయం,” అని పొద్దున కూడా ఆయన మీద ఎగిరింది. ఆయన కూరగాయలు తరుగుతూ, “సాయంత్రం మారుస్తాలే,” అన్నాడు. ఏడాదిగా తరగడమూ, బియ్యం ఏరడమూ ఆయనే చేస్తున్నాడు. పెళ్ళైన ఇరవై రెండేళ్ళకు బుద్ధొచ్చిందని ఆమె పక్కసీటావిడతో చెప్పి మురిసిపోయింది.

పన్నెండింటికి హార్డ్‌వేర్ అతను తోపుడుబండి తోసుకుంటూ వచ్చాడు. బండిలో ఇంకో కొత్త మానిటర్ ఉంది. పాతదాన్ని తుక్కుకి పంపమని ఆర్డరట.

ఆమె లేచి మానిటర్‌కి అడ్డంగా నిలబడింది. “దీన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను. ఈ ఆఫీసులో నలుపును నలుపులా చూపించేది ఇదొక్కటే.”

“మేడమ్, కరెంటు తినేస్తుందండీ ఇది.”

“తిననీ. నీ ఇంట్లో తింటోందా?”

గొడవ విని టీమ్ లీడర్ వచ్చాడు. ఆమె ఒకటే పట్టు పట్టింది. రెండు తెరల మీదా అదే పక్షి పేజీ పెట్టాలి. రెండిట్లోనూ నంబరు యాభై దగ్గరే ఉండాలి. అందరూ చూడాలి. కొత్తదాంట్లో పక్షి కనబడితే పాతది తీసుకుపోవచ్చు.

పక్కసీటావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. తొమ్మిదేళ్ళుగా పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఆమె కాగితం మీద వేసిన నంబర్లను కంప్యూటర్లో ఎక్కించి పంపేది ఆవిడే. “పోనిద్దూ వదినా. దాని కాలం అయిపోయింది. రా, అన్నం తిందాం.”

“నువ్వుండు వదినా. ఇవాళ తేలిపోవాల్సిందే.”

కొత్త తెర ముందు నలుగురూ నిలబడ్డారు.

“చూడండి, చీకటి గుయ్యారం! పక్షి ఎక్కడుందసలు?” అంది ఆమె గెలిచినట్టుగా.

హార్డ్‌వేర్ అతను తెర వైపూ, ఆమె వైపూ చూశాడు. “కనబడుతోంది కదండీ... రెక్కలు విప్పుకుని...” అన్నాడు మెల్లగా.

లీడర్ తల దించుకున్నాడు.

హార్డ్‌వేర్ అతను వెలుతురు కొలిచే మీటర్ తీసి పాత మానిటర్ గాజుకు ఆనించాడు. అంకె చూసి కిందికి వంగాడు. “ఈ నాబు ఆఖరిదాకా తిప్పేసి ఉందండీ. ఈ ఎర్ర చుక్క దేనికి?”

చేరిన మొదటి వారంలో ఆమే పెట్టింది, తన గోళ్ళరంగుతో. నాబు మీది గీత ఎక్కడుండాలో దానికి గుర్తు. చూద్దామని ఆమె వంగింది. చుక్క కనబడలేదు. వేలితో తడిమితే గోటికి బొడిపెలా తగిలింది. నాబుకు సరిగ్గా పైన ఉంది. గీత మాత్రం కుడివైపు చివర ఎక్కడో ఉంది.

“ట్యూబు పాతబడి నీరసపడిందని రోజూ కాస్త...” ఆమె మాట పూర్తికాలేదు.

అతను గీతను వెనక్కి తిప్పి చుక్కకు ఎదురుగా తెచ్చాడు. “నీరసపడిందండీ, కానీ మరీ అంత కాదు. ఇప్పుడు చూడండి, ఇందులోనూ పక్షి బాగానే ఉంది.”

ఆమె చూసింది. ఏమీ లేదు. పదిహేడేళ్ళు తన మాట విన్న తెర నల్లగా, ఉబ్బెత్తుగా, ఖాళీగా ఉంది. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

అంతలో ఆమెకు ఒక సంగతి తట్టింది. “వదినా, పోయినసారి ఆటకు అరవై ఎనిమిది ఇచ్చాను. అది అలాగే పోయిందా?”

పక్కసీటావిడ కళ్ళు నిండిపోయాయి. “నలభై ఎనిమిది అని పంపాను. నువ్విచ్చినదాంట్లోంచి ఇరవై తీసేసి పంపుతున్నా.”

“ఎప్పట్నుంచి?”

“ఏడాదిన్నర. మొదట్లో... మొదట్లో పదే తీసేదాన్ని.”

ఆ మాట ఆమెకు చెంపమీద కొట్టినట్టయింది. పది ఇరవై అయ్యేదాకా ఈ గదిలో అందరూ నవ్వుతూ తనతో అన్నం తిన్నారు. ఆమె లీడర్ వైపు తిరిగింది. ఆయన మొహం చూస్తే అడగాల్సిన పనే లేకపోయింది.

ఆమె నడవాలోకి వెళ్ళి ఇంటాయనకు ఫోన్ చేసింది. “ఏవండీ, వంటింట్లో బల్బు ఎన్నిసార్లు మార్చారు?”

“మూడుసార్లు,” అన్నాడాయన. “ప్రతిసారీ పెద్దదే తెచ్చాను. ఇప్పుడు దానికంటే పెద్దది దొరకడం లేదే.”

“మరి చెప్పలేదేం?”

“డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నాలుగుసార్లు కసిరావు. ఇంకా గట్టిగా అంటే ఉద్యోగం మానేస్తావేమోనని భయమేసింది. అది లేకపోతే నువ్వుండలేవు కదా.”

ఆమె తిరిగొచ్చి కాగితం మీది 72ని అడ్డంగా కొట్టేసింది. పెన్సిల్ వదిన చేతిలో పెట్టింది. “నువ్వు చూసి వెయ్యి.”

“నలభై తొమ్మిది,” అంది పక్కసీటావిడ తెర చూసి.

“సంతకం కూడా నువ్వే పెట్టు.”

లీడర్ దగ్గరికి వచ్చాడు. “నాలుగు రోజులు సెలవు పెట్టి కళ్ళు చూపించుకోండి మేడమ్. వచ్చాక సౌండ్ పేజీలు చూద్దురుగాని.”

“దానికంటే ముందు నా చెవులు పరీక్ష చేసుకోండి బాబూ. వాటిలోంచి ఎంత తీసేయాలో మీకు తెలియాలిగా.”

ఆమె కప్పు, ఏసీకి కప్పుకునే శాలువా, బల్ల కింది చెప్పులు సంచిలో వేసుకుంది. సొరుగు తాళం కాగితం మీద పెట్టింది. వెళ్తూ వెళ్తూ పాత మానిటర్ వీపు మీద అరచెయ్యి ఆనించింది. ఇంకా వెచ్చగానే ఉంది.

ఫోన్ పెట్టగానే బయల్దేరి వచ్చిన ఆయన మెట్ల కింద నిలబడి ఉన్నాడు. పైన రెండు గంటల ఎండ కాస్తోంది. ఆమె మెట్టు మెట్టుకీ ఆగింది. ఆఖరి రెండు మెట్ల దగ్గర ఆయన చెయ్యి వచ్చి మోచేతిని పట్టుకుంది. ఏడాదిగా అక్కడే అలాగే పట్టుకుంటున్నాడని, తను దాన్ని సరసం అనుకుందని అప్పుడు తెలిసింది. ఈసారి ఆమె విదిలించుకోలేదు.

తాళం కాగితం మీదే ఉండిపోయింది. ఆమె మళ్ళీ రాలేదు.

నడవా చివర తోపుడుబండి మీద పాత మానిటర్ గోడవైపు వీపు పెట్టి నాలుగు రోజులు ఉంది. అడుగు అంచున ఎర్ర చుక్క, దానికి సరిగ్గా ఎదురుగా నాబు మీది గీత.