వెనక సీటు కోడి

తెల్లారగానే మరియ వాకిలి ఊడ్చి, చాయ్ పెట్టి, గడపలో నిలబడ్డ కోడికి ఇన్ని నూకలు వేస్తుంది. అది పెంచుకున్న కోడి కాదు. ఎల్లారెడ్డి, కామారెడ్డి వైపు ఎవరికైనా తమ మీద తమకు అనుమానం పుడితే చాలు, ఒక కోడి వచ్చి గడపలో నిలబడి ఆ అనుమానాన్నే మాటల్లో కూస్తుంది. పక్కింటి లింబాద్రి వార్డు ఎన్నికల్లో నిలబడ్డప్పుడు వచ్చినదాన్ని కోసి కూర వండుకున్నాడు. పాపం, అది వారమంతా ఆయన కడుపులోంచే మాట్లాడింది.

మరియ కోడి నల్లది, మెడ మీద ఈకలు లేవు. ఆమె ఆటో నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజే దిగింది. భర్త యోబు కామారెడ్డిలో వాచ్‌మన్‌గా చేరాక వాళ్ల ఆటో ఇంటి ముందు ఊరికే పడి ఉంది. లైసెన్సు వస్తే వాడకట్టు పిల్లలను బడికి తీసుకుపోవచ్చు, ఎండలో కూలికి పోయే బాధ తప్పుతుంది. కానీ మొదటిసారి పరీక్షలో కోడి వెనక సీట్లో కూర్చుని "బోల్తా కొడతవ్" అంది. "ఎందుకు కొడత?" అని మరియ వెనక్కి తిరిగింది. ఆటో పోయి మలుపు గుర్తుకు పాతిన కర్రను గుద్దింది. ఈసారి కూడా తప్పితే ఆటో అమ్మేద్దామన్నాడు యోబు.

రెండో పరీక్ష రోజు పొద్దున కూడా ఆమె చేయి అలవాటుగా నూకల డబ్బాలోకే పోయింది. అత్త ఎస్తేర్ చూసి నవ్వింది.

"ఇంటికి ఎవలొచ్చినా ఇంత పెట్టుడు మనకు అలవాటే గని, దీన్నెందుకే మేపుడు? ఎట్ల బలిసిందో చూడు!"

"ఎల్లగొడితే పోతలేదు అత్తమ్మా. ఏం చెయ్యాలె?"

"ఎల్లగొట్టకు, మేపకు, జవాబు చెప్పకు. మీ మామ పోయినప్పుడు నాకూ వచ్చింది బిడ్డా. 'పిల్లగాన్ని ఎట్ల సాకుతవ్' అని ఒకటే లొల్లి. అది కూస్తనే ఉన్నది, నేను నాట్లు వేస్తనే ఉన్న."

మరియ డబ్బాకు మూత పెట్టింది.

కామారెడ్డి దాకా యోబు ఆటో నడిపాడు. పరీక్ష మొదలవగానే కోడి వెనక నుంచి అందుకుంది. "నీతోని కాదు. అందరు నవ్వుతరు." మరియకు జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ముందుకే చూసింది. ఆటో మలుపులన్నీ తిరిగి, ఏ కర్రనూ తాకకుండా వచ్చి ఆగింది.

"పాసైనవమ్మా" అన్నాడు పరీక్ష పెట్టిన సారు, తన కుర్చీ కింది తెల్లకోడిని కాలితో పక్కకు జరుపుకుంటూ.

ఆదివారం మరియ అత్తను చర్చికి తీసుకుపోవడానికి ఆటో బయటికి తీసింది. తల్లి లేని తనకు ఇంత మాట చెప్పే మనిషి దొరికిందని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు చెప్పకుంటే ఇంకా మేపుకుంటనే ఉందును అత్తమ్మా" అంది.

వెనక సీట్లో కోడి ముందే ఎక్కి కూర్చుంది. మునుపటికన్నా బక్కచిక్కింది.

"జరుగు, మా అత్తమ్మ కూసోవాలె" అంది మరియ.

కోడి దిగి కాళ్ల దగ్గర ముడుచుకుంది. మరియ దానితో మాట్లాడిన ఆఖరి మాట అదే.