రెండు పాయింటు నాలుగు వాన

సుంకప్ప చదువు ఐదో తరగతిలో ఒక చుక్క దగ్గర ఆగిపోయింది. అంకెకూ అంకెకూ నడుమ పెట్టే చుక్క. దాన్ని ఎందుకు పెట్టాలో అప్పటి అయ్యవారు చెప్పేవాడు కాదు గానీ, తప్పుచోట పెడితే మాత్రం బెత్తం అరిగేలా కొట్టేవాడు. మూడు రోజులు దెబ్బలు తిని, నాలుగో రోజు పలక ఇంట్లో పారేసి గొర్రెల వెంట పోయాడు సుంకప్ప. ముప్పై ఏళ్లు దాటినా ఆ చుక్క మీద కోపం చల్లారలేదు.

తీరా నలభై అయిదేళ్లు వచ్చాక ఆ చుక్కే అతని నెత్తిన కూర్చుంది. ఎవరో స్వచ్ఛంద సంస్థవాళ్లు కోనంపల్లి బడి ఆవరణలో వాన కొలిచే డబ్బా ఒకటి పాతారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు అందులోని నీళ్లు గాజు గొట్టంలోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో రాసే పని సుంకప్పకు అప్పజెప్పారు. వాన పడని ఊళ్లో వాన కొలిచే ఉద్యోగం. ఏడాదిలో మూడువందల పైచిలుకు రోజులు సున్నా రాయడమే. అంతమాత్రానికి అతని చదువు చాలు.

అతని కూతురు హేమలత ఇప్పుడు ఐదో తరగతి. ఏప్రిల్ ఆఖరి ఆదివారం అనంతపురంలో గురుకులం ప్రవేశపరీక్ష. సీటు వస్తే పదో తరగతి దాకా హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. రాకపోతే తల్లి సిద్దమ్మతోపాటు కలుపు తీయడానికి, శనక్కాయలు వొలవడానికి పోతుంది. మధ్యలో ఇంకో దారి లేదు. పరీక్షలో దశాంశాల భాగహారం తప్పకుండా ఇస్తారని విద్యా వాలంటీరు గంగాధర్ చెప్పినప్పుడు సుంకప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ చుక్క కాడ నేను పడినాను సారూ. నా బిడ్డ పడగూడదు."

"పడదులే అన్నా. చుక్కను మర్చిపో. ఏ అంకె ఏ గడిలో ఉండాదో చూస్తే చాలు," అన్నాడు గంగాధర్.

రెండువేల మూడు ఏప్రిల్‌లో, ఒక సాయంత్రం ఊరి మీద నాలుగు చినుకులు రాలాయి. మర్నాడు సుంకప్ప గొట్టం మీది గీతలు లెక్కపెట్టి రెండు పాయింటు నాలుగు అని రాశాడు. గంగాధర్ ఆ లెక్కనే పాఠం చేశాడు. నేల మీద రెండు గడులు గీశాడు, ఒకట్లకొకటి, పదోవంతులకొకటి. ఒకట్ల గడిలో రెండు నిండు జొన్నదంట్లు, పదోవంతుల గడిలో నాలుగు ముక్కలు పెట్టాడు. తరగతిలో ఎనిమిది మంది పిల్లలు.

"ఇది నిన్నటి వాన. ఎనిమిది మందికీ సమానంగా పంచాల. రెండు దంట్లు ఎనిమిది మందికి వస్తాయా?"

"రావు సార్!"

"అందుకని ఒక్కో దంటును పది ముక్కలుగా విరిచి పక్క గడిలోకి తోస్తాండా. ఇప్పుడెన్ని?"

"ఇరవై నాలుగు ముక్కలు!"

"మనిషికెన్ని?"

"మూడు!"

"ఒకట్ల గడిలో ఏమీ లేదు, పదోవంతుల్లో మూడు. సున్నా పాయింటు మూడు."

బయట డబ్బా తుడుస్తూ సుంకప్ప ఇదంతా విన్నాడు. ముప్పై ఏళ్ల కిందట ఒక జొన్నదంటు విరిచి చూపించేవాడుంటే తన బతుకు ఇట్లుండేదా? ఆ కడుపుమంటలోనే కూతురు మూడు ముక్కలు చేతబట్టుకుని నవ్వడం చూసి సంతోషపడ్డాడు.

ఆ సంతోషం ఒక్కరోజే. ఎనిమిది మంది పిల్లల్లో నలుగురు వంక అవతలున్న గుట్టకిందపల్లి నుంచి నడిచివచ్చేవాళ్లు. వాళ్ల ముక్కలు వాళ్లు ఇంటికి తీసుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నం గుట్టకిందపల్లిలో వాన దంచి కొట్టింది. వంకకు ఇవతల కోనంపల్లిలో దుమ్ము లేచింది, అంతే.

పొద్దు గూకకముందే బడి ముందర ఊరు ఊరంతా చేరింది. ముందు నిలబడినవాడు ఓబులేసు. వందెకరాల మెట్టభూమి, ఎండిపోయిన పదకొండు బోర్లు, వీటితోపాటు బడి కమిటీ చైర్మన్ పదవి కూడా ఆయనదే. ఆయన సంతకం లేనిదే వాలంటీరుకు మరుసటి ఏడాది పని లేదు.

"ఏమప్పా గంగాధరూ, మన ఊరి వాన పంచేదానికి నువ్వెవరు?"

"లెక్క నేర్పించినానన్నా. దంట్లు విరిచినా. అంతే."

"విరిచి సగం వాళ్లకిచ్చినావు! ఆడ వాన పడె, ఈడ పడకపాయె. ఇంకేం సాక్ష్యం కావాల?"

గొర్రెల మారెక్క కొంగు బిగించింది. "నా గొర్రెలు నాలుక బయటేసుకోని ఉండాయి. నువ్వు వాళ్లకి పన్నెండు ముక్కలు కట్టిస్తివి గదరా అబ్బోడా! ఒక్క ముక్కన్నా తిరిగి తీసకరాపో."

నలుగురు మనుషులు నిజంగానే గుట్టకిందపల్లికి పోయారు, ముక్కలు అడగడానికి. ఎనుములు తినేశాయని జవాబొచ్చింది. దాంతో పంచాయతీలో తీర్మానం రాశారు. వాన పడేదాకా బడిలో భాగహారం బందు. తీసివేతలు కూడా వద్దు. కూడికలు, గుణకారాలు ఎన్నైనా చెప్పుకోవచ్చు. కింద ముప్పై రెండు సంతకాలు, పంతొమ్మిది వేలిముద్రలు.

గంగాధర్ నల్లబల్ల మీద వానను వందతో గుణిస్తూ కూర్చున్నాడు. రోజూ రెండువందల నలభై మిల్లీమీటర్లు వచ్చేది, నల్లబల్ల మీద. డబ్బాలో సున్నా. పరీక్షకు తొమ్మిది రోజులుంది.

సుంకప్ప ఓబులేసు అరుగు దగ్గరికి పోయాడు. ఈ ఊళ్లో తెలివిగా మాట్లాడితే తంతారని అతనికి తెలుసు. అందుకే వాళ్ల దారిలోనే పోయాడు.

"అన్నా, మంచిదాన్ని భాగిస్తే తగ్గుతాది. ఒప్పుకున్నా. మరి చెడ్డదాన్ని భాగిస్తే?"

ఓబులేసు బీడీ పక్కన పెట్టాడు. "అంటే?"

"ఎండ. నిన్న రేడియోలో నలభై పాయింటు ఎనిమిది డిగ్రీలని చెప్పిరి. దాన్ని ఎనిమిదితో భాగించమను. గుట్టకిందపల్లోళ్ల వాటా వాళ్లనే మోసుకుపోనీ."

ఓబులేసు సుంకప్పను ఎగాదిగా చూశాడు. "ఐదో తరగతి కూడా దాటలేదు, నీకీ తెలివి యాడిదిరా?"

మర్నాడు భాగహారం మొదలైంది. ఎండను ఎనిమిదితో భాగిస్తే ఐదు పాయింటు ఒకటి. కిటికీల దగ్గర నిలబడి వింటున్న ఊరు చల్లగా నిట్టూర్చింది. మారెక్క కొంగు కప్పుకుంది కూడా. మూడు రోజులు ఎండను ముక్కలు ముక్కలు చేశారు. నాలుగో రోజు, పరీక్షలో చుక్క ఉన్న అంకెతో భాగించే లెక్కలూ వస్తాయి గదా అని, గంగాధర్ నలభై పాయింటు ఎనిమిదిని సున్నా పాయింటు ఐదుతో భాగించాడు. ఎనభై ఒకటి పాయింటు ఆరు వచ్చింది.

"ఎనభయ్యా!" ఓబులేసు కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "చంపుతావేమప్పా మమ్మల్ని? చెరుపు! చెరుపు ముందు!"

ఆ మధ్యాహ్నం ఎండకు మూడు గొర్రెలు చచ్చాయి. ముందురోజు రెండు చచ్చాయన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. గంగాధర్ చెయ్యి ఎండ చెయ్యి అని తేల్చి, అతని చేతిలోని సుద్దముక్క లాక్కున్నారు. ఇక బడికి తాళం వేయడమే మిగిలింది. అప్పుడు హేమలత లేచి ఓబులేసుకు ఎదురుగా నిలబడింది.

"పెద్దనాయనా, సార్ భాగిస్తే ఎండ పెరిగింది గదా. నేను అట్లే వానను భాగిస్తే?"

హేమలత రెండు దంట్లు, నాలుగు ముక్కలు నేల మీద పరిచింది. "రెండు పాయింటు నాలుగు వాన. సున్నా పాయింటు ఒకటితో భాగిస్తాండా. అంటే మనిషికి ఒక్క ముక్కే. ఎంతమందికి వస్తాది?" అని దంట్లు పటపట విరిచింది. "ఇరవై నాలుగు!"

సుంకప్ప గోడకు ఆనుకున్నాడు. చుక్కను చూడకుండా, గడులు చూసి చేసింది. పిల్లకు వచ్చేసింది.

ఊరికి మాత్రం వేరే లెక్క అర్థమైంది. రెండున్నర కూడా లేని వాన ఇరవై నాలుగైంది. ఆ సాయంత్రమే మబ్బు పట్టి, డబ్బా మూత తడిసేన్ని చినుకులు పడ్డాయి. కొలిస్తే సున్నా పాయింటు ఒకటి కూడా రాదు. అయినా హేమలత చెయ్యి వాన చెయ్యి అయిపోయింది. రోజూ పొద్దున, మధ్యాహ్నం భాగించమన్నారు. సున్నా పాయింటు రెండుతో, మూడుతో, ఆరుతో. పరీక్షకు ఇంతకంటే మంచి అభ్యాసం ఉండదని సుంకప్ప మురిసిపోయాడు. ఆ మురిపెంలో అసలు ప్రమాదం కనబడలేదు.

ఆదివారం పొద్దున ఆరు గంటల బస్సుకు తండ్రీకూతుళ్లు వచ్చేసరికి బస్సు ముందర ఊరు కూర్చుని ఉంది.

"యాడికి?" అన్నాడు ఓబులేసు.

"పరీక్షకన్నా. తెలిసిందే గదా."

"పాప పోతే ఈ పూట వాన ఎవరు భాగిస్తారు? మూడేళ్ల కరువప్పా. నీ ఒక్క బిడ్డ చదువు కోసం ఊరు ఎండాల్నా?"

"నా ఒక్క బిడ్డ చదివితే ఊరు ఎండిపోతాదా! ముప్పై ఏళ్లుగా నేను చదవలేదు, ఎన్ని చెరువులు నిండినాయో చూపించన్నా!" సుంకప్ప అరిచాడు. ఎవరూ కదల్లేదు. డ్రైవరు హారన్ కొట్టి, విసుగొచ్చి ఇంజన్ ఆపేశాడు. పరీక్ష పది గంటలకు. అనంతపురం రెండున్నర గంటల దూరం.

హేమలత తండ్రి చెయ్యి విడిపించుకుని, పుల్ల ఒకటి ఏరుకుని, మట్టిరోడ్డు పక్కన కూర్చుంది.

"ఇట్ల రాండి. ఈ పూటకి లెక్క ఇచ్చి పోతా. రెండు పాయింటు నాలుగును సున్నా పాయింటు ఏడుతో. అంటే ఇరవై నాలుగు ముక్కలు, ఏడేడు చొప్పున. మూడు సార్లు పోతాది, మూడు మిగిలె. మిగిలినదాని పక్కన సున్నా దించాల, ముప్పై. మళ్ల ఏడుతో. అట్ల మిగిలేది సున్నా అయ్యేదాకా ఆపగూడదు. నడుమ ఆపితే వాన నడుమనే నిలిచిపోతాది."

ఓబులేసు పుల్ల అందుకున్నాడు. ఊరంతా ఆయన వెనక గుమిగూడింది. బస్సు ముందు మారెక్క ఒక్కతే మిగిలింది, ఆమె కూడా లేచి వెళ్లింది.

బస్సు వంక దాటాక సుంకప్ప అడిగాడు. "అది ఎప్పటికి అయిపోతాది పాపా?"

"అయిపోదు నాయనా."



సాయంత్రం బస్సు ఊరికి అరమైలు ఇవతలే ఆగింది. లెక్క అక్కడిదాకా వచ్చేసింది. రోడ్డుకు అడ్డంగా నాలుగు పక్కన సున్నా, ఐదు పక్కన సున్నా. అంకెల మీద టైరు పోనిచ్చేది లేదని జనం. పరీక్షలో దశాంశాల లెక్కలు ఐదొచ్చాయని, ఐదూ చేశానని హేమలత దారంతా చెప్పింది. ఆ సీటు తన బిడ్డదేనని సుంకప్పకు ఇక అనుమానం లేదు.

మోకాళ్ల మీద కూర్చుని ఉన్న ఓబులేసు తలెత్తాడు. మీసాల నిండా మట్టి. "పాపా, ఇంకెంత దూరం?"

హేమలత లెక్క వెంబడి వెనక్కి నడిచి, ఒకచోట వంగి చూసింది. "ఈడ తప్పు చేసినారు పెద్దనాయనా. నలభైలో ముప్పై ఐదు పోతే ఐదు. మీరు ఆరు రాసినారు."

"అయితే?"

"ఈడనుంచి అంతా చెరిపి మళ్ల చేయాల."

ఓబులేసు భుజం మీది తుండుగుడ్డ తీసి రోడ్డు తుడవడం మొదలుపెట్టాడు. సుంకప్ప కూతురి చెయ్యి పట్టుకుని, ఒక్క అంకె కూడా తొక్కకుండా దాటించుకుంటూ, హాస్టలుకు రేకుపెట్టె ఎవరినడగాలా అని ఆలోచిస్తూ ఇంటిదారి పట్టాడు.