ఇవాళ పలికారా?

మొదట కిటికీ అద్దం వణుకుతుంది.

తర్వాత బల్ల మీది గ్లాసులో నీళ్ళు... సన్నగా, వలయాలు వలయాలుగా.

ఆ తర్వాతే చప్పుడు.

దూరాన మబ్బు గొంతు సవరించుకున్నట్టు మొదలై, గదిలోకి వచ్చి, గోడల్లోకి వెళ్ళి, చివరికి పక్కటెముకల్లో కూర్చునే చప్పుడు. చెట్ల మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. డాబాల మీద జనం కేకలు వేస్తారు. చప్పట్లు కొడతారు.

అప్పుడు ఆమె బల్ల మీది ఫోన్ మోగడం మొదలవుతుంది.

పద్నాలుగేళ్ళుగా అంతే. రాకెట్ పైకి వెళ్తుంది. ఆమె ఫోన్ ఎత్తుతుంది.

ప్రయోగకేంద్రం ఆఫీసులో, కింది అంతస్తులో, మెట్ల పక్కన చివరి గది ఆమెది. తలుపు మీద 'ప్రజల ఫిర్యాదులు, సూచనలు' అని రాసి ఉంటుంది. ఆఫీసులో అందరూ ఆమెను 'చెవి' అంటారు. ఎగతాళిగా కాదు, ముద్దుగానే. "చెవిగారూ, టీ తాగారా?" అని అటెండరు కూడా అడుగుతాడు. ఆమె నవ్వుతుంది. నలభై ఆరేళ్ళు వచ్చాక మనిషికి ఇంత అతికినట్టు సరిపోయే పేరు ఇంకెవరు పెడతారు అనుకుంటుంది.

ఊరంతా ఆ చెవిలోకి మాట్లాడుతుంది.

మా గోడ బీటలు వారిందండీ.

మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయండీ.

మీరిలా ఆకాశానికి చిల్లులు పొడుస్తుంటే వానలు ఎక్కణ్ణించి వస్తాయండీ?

దర్జీ ఒకాయన ఏ ఫిర్యాదూ లేకుండానే చేస్తాడు. "ఈసారి భలే వెళ్ళిందండీ. కుట్టు పక్కకి పోకుండా తిన్నగా. మీవాళ్ళకి చెప్పండి." రిటైరైన మాస్టారు ఒకాయన మైకులో వచ్చిన ప్రకటనకు తప్పులు దిద్దుతాడు. "రాకెట్ ప్రయోగించబడినది ఏమిటమ్మా? ప్రయోగించాం అనలేరా? పని చేసినవాళ్ళని అలా మాయం చేసేస్తారా?"

ఆమె అన్నీ వింటుంది. అన్నీ రాసుకుంటుంది.

కానీ రాకెట్ ఎగరడం... ఆమె చూడలేదు.

ఒక్కసారి కూడా.

"పెద్దమ్మా, అది ఎలా ఉంటుంది?" అని చెల్లెలి కూతురు అడిగినప్పుడల్లా ఆమె మాట దాటేస్తుంది. ఎలా ఉంటుందో తెలియదు. ఎలా వినిపిస్తుందో మాత్రం తెలుసు.

రెండేళ్ళ కిందట ఒక ఫోన్ వచ్చింది. ముసలి గొంతు. ఆడగొంతు. ముందుగా క్షమించమంది.

"మిమ్మల్ని ఆపమని అడగట్లేదమ్మా. అంత పెద్ద పని, మా కోసం ఎందుకు ఆపుతారు? ఎప్పుడు ఎగురుతుందో ఒక గంట ముందు చెప్తే చాలు. మా ఆయన భయపడతారు."

ఆయన కొండల్లో సొరంగాలు తవ్విన మనిషి. ఒకనాడు సొరంగం కప్పు కూలింది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు మట్టి కింద ఉన్నాడు. బయటికి తీశారు. ఒంటి మీద పెద్ద గాయం కూడా లేదు. కానీ నేల వణికితే చాలు... ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాడు.

టీవీ చప్పుడు కూడా ఆయనకు పడదు. అందుకని వాళ్ళింట్లో టీవీ లేదు. చెప్పేవాళ్ళు లేరు.

ఫోన్ చేసి చెప్పడం ఆమె ఉద్యోగంలో లేని పని. ఆమె చేసింది. ఆ రోజు నుంచి ఎగిరిన ప్రతి రాకెట్‌కూ గంట ముందు చేసింది. పదకొండు రాకెట్లు. పదకొండు ఫోన్లు.

"పిన్నిగారూ, ఇంకో గంటలో."

"సరేనమ్మా. నీ నోట చల్లటి మాట."

ఆ గంటలో ఆ ఇంట్లో ఏం జరుగుతుందో పిన్నిగారి మాటల్లోనే ఆమె చూసింది. కిటికీలు మూస్తారు. ఆయన చెవుల్లో దూది పెడతారు. భోజనాల బల్ల కింద మందపాటి దుప్పటి పరుస్తారు. ఇద్దరూ దాని కింద దూరి కూర్చుంటారు, చేతులు పట్టుకుని. ఊరంతా డాబాల మీద ఉన్నప్పుడు... ఇద్దరు మనుషులు బల్ల కింద.

ఆమె వాళ్ళను ఎప్పుడూ కలవలేదు. గొంతు, అంతే. ఆయనదైతే గొంతు కూడా వినలేదు.

ఈసారి రాకెట్‌లో మనుషులు వెళ్తున్నారు.

మొదటిసారి. ముగ్గురు.

వారం రోజులుగా ఊరు ఊరులా లేదు. బళ్ళకు సెలవిచ్చారు. డాబాల మీదికి కుర్చీలు ఎక్కాయి. ఆఫీసరు స్వయంగా ఆమె గదికి వచ్చాడు. "ఈసారి ఫోన్లు మోగితే మోగనివ్వండి. మీరు పైన ఉండాల్సిందే. ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నాను."

ఆ రాత్రి ఆమెకు చిన్నపిల్లలా నిద్ర పట్టలేదు.

మర్నాడు పదకొండింటికి ప్రయోగం ఆగిపోయింది. ఎక్కడో ఇంధనం కారుతోందని అనుమానం. ఊరు ఉసూరుమంది. ఆమె వెంటనే ఫోన్ ఎత్తింది.

"ఇవాళ లేదు పిన్నిగారూ. ఆపేశారు."

"అమ్మయ్య. అయితే దుప్పటి ఉతుక్కుంటాను. బజారు పని కూడా ఉంది."

ఇవాళ లేదు. తన నోటితో తానే చెప్పింది.

ఒంటిగంటా నలభైకి మెట్ల మీద అడుగుల చప్పుడు. కేకలు. ఇంధనం కారడం లేదట. కొలిచే పరికరమే తప్పు చూపించిందట. రెండున్నరకు ఎగురుతుంది. మనుషులు ఈ చివరి గది ముందు నుంచే మెట్లెక్కి పోతున్నారు. పైకి... పైకి.

ఆమె ఫోన్ చేసింది. కలవలేదు.

మళ్ళీ చేసింది. ఊరు ఊరంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటోంది— మళ్ళీ మొదలైందట, తొందరగా రండి, తొందరగా రండి. ఏ లైనూ ఖాళీ లేదు.

ఆరుసార్లు. తొమ్మిదిసార్లు.

రెండూ ఐదు.

పైన డాబా మీద ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆమెకు తెలుసు. తెలిసే గేటు వైపు పరుగెత్తింది.

"సైకిల్ తాళం ఇవ్వు."

కాపలా అతను తెల్లబోయాడు. "ఇప్పుడా? ఎక్కడికండీ? ఇంకాసేపట్లో—"

"ఇవ్వు నాయనా."

సైకిల్ తొక్కి పదేళ్ళయింది. కాళ్ళు మర్చిపోలేదు. వీధులన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. ఆమె ఒక్కతే అటు వీపు పెట్టి వెళ్తోంది. క్షౌరశాల ముందు సగం గడ్డం గీసిన మనిషి, చెంప మీద నురగతో, ఆకాశంలోకి చూస్తున్నాడు. పక్కనే కత్తి పట్టుకుని క్షురకుడూ అటే చూస్తున్నాడు. భుజాల మీద పసిపిల్లలు. గొడ్డు వీధిలో నిలబడిపోతే తోలేవాడు లేడు.

"అటు కాదమ్మా! ఇటు! ఇటు!" ఎవరో అరిచారు.

ఎదురుగాలి. చెమట. తప్పు చెప్పాను... తప్పు చెప్పాను... సైకిల్ చక్రం కూడా అదే అంటోంది.

నీళ్ళ ట్యాంకు వెనక, ఆకుపచ్చ తలుపు. పిన్నిగారు ఒకసారి రాసిన ఉత్తరం మీది చిరునామా.

తలుపు ఆయనే తీశాడు.

పెద్ద మనిషి. పెద్ద అరచేతులు. వేళ్ళకు తడి మట్టి. పెరట్లో బంతి నారు నాటుతున్నాడు. జానెడు లోతుకు మించి ఆయన ఇప్పుడు ఎక్కడా తవ్వడు.

ఆమె రొప్పుతూ నిలబడింది. "పిన్నిగారు...?"

ఆ గొంతు ఎవరిదో ఆయనకు తెలియదు. కానీ ఆ గుమ్మంలోకి అంత హడావిడిగా వచ్చే మనిషి ఇంకెవరు?

"నువ్వేనా ఫోనమ్మాయివి? ఆవిడ బజారుకెళ్ళింది. ఇవాళ లేదన్నావటగా."

"తప్పు చెప్పాను బాబాయిగారూ. ఉంది. ఇప్పుడే."

ఆయన ముఖంలోంచి రంగు దిగిపోయింది. గోడ పట్టుకున్నాడు. ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆ మట్టి చెయ్యి పట్టుకుంది. కిటికీలు మూసే వ్యవధి లేదు. దుప్పటి తీగ మీద తడిగా వేలాడుతోంది. దూది ఎక్కడుందో తెలియదు. బల్ల మాత్రం కనిపించింది.

ఇద్దరూ వట్టి నేల మీద, బల్ల కింద. ఆయన మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

మొదట నేల.

సన్నగా... తర్వాత గట్టిగా. బల్ల కాళ్ళు కటకటమన్నాయి. ఆ తర్వాత చప్పుడు వచ్చింది— పద్నాలుగేళ్ళుగా ఆమె విన్న చప్పుడే. కానీ ఇన్నేళ్ళూ ఫోన్ ఎత్తుతూ విన్నది వేరు. ఇప్పుడు ఒక మనిషి ఆమె మణికట్టును నలిపేస్తుండగా వింటోంది. ఇప్పుడు అది రాకెట్ కాదు. అది కొండ. కొండ కూలుతోంది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి అందడం లేదు. రెండో చేతి పిడికిలితో నేల మీద కొట్టడం మొదలుపెట్టాడు.

టక్ టక్ టక్.

ఆగాడు.

మళ్ళీ, టక్ టక్ టక్.

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఆమె చెయ్యి లేచింది. నేల మీద తానూ కొట్టింది.

టక్ టక్ టక్.

ఆయన కళ్ళు తెరిచాడు.

ఊపిరి ఒకటి లోపలికి వెళ్ళింది. ఒకటి బయటికి వచ్చింది. ఆయన కొట్టాడు. ఆమె బదులు కొట్టింది. ఆయన... ఆమె... చప్పుడు కొండంత నుంచి మబ్బంత అయింది. మబ్బంత నుంచి తుమ్మెదంత అయింది.

తర్వాత ఊరు కేక పెట్టింది. వేల గొంతులు. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు, ఎవరో డబ్బా వాయిస్తున్నారు.

బల్ల కింద ఇద్దరూ కదల్లేదు.

"గొట్టం ఒకటి ఉండేది," అన్నాడాయన. "నీళ్ళ గొట్టం. మట్టిలోంచి బయటికి. అవతలి నుంచి ఎవడో దాని మీద కొట్టేవాడు. నేను కొడితే వాడు కొట్టేవాడు. రెండు రోజులూ. ఎవడో ఇప్పటికీ తెలీదమ్మా. వాడు ఒక్కసారి ఆపేసి ఉంటే... నేను ఉండేవాణ్ణి కాదు."

ఆమె విన్నది. వినడం ఆమెకు వచ్చిన పని.

ఆయనే మళ్ళీ అడిగాడు. "అందులో మనుషులు ఉన్నారా ఈసారి?"

"ఉన్నారు బాబాయిగారూ. ముగ్గురు."

"గాలి ఉంటుందా వాళ్ళకి?"

"ఉంటుంది."

"ఎవరైనా మాట్లాడతారా వాళ్ళతో?"

ఊళ్ళో ఇన్ని వేల మంది ఫోన్ చేశారు. ఎంత ఎత్తుకు వెళ్ళిందని అడిగారు. ఎంత వేగమని అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు.

"మా మూడో అంతస్తులో ఒక గది ఉంది. వాళ్ళతో మాట్లాడటమే ఆ గదిలో పని. వంతులవారీగా కూర్చుంటారు."

"నిద్రపోరుగా?"

"మనుషులు మారతారు. గది నిద్రపోదు."

ఆయన తల ఊపాడు. ఆమె మణికట్టు అప్పుడు వదిలాడు. అయిదు వేళ్ళ మట్టి అచ్చు దాని మీద.

పిన్నిగారు వచ్చేసరికి ఒక కాలికి చెప్పు లేదు. బజారు నుంచి పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఆగి, వంగి, బల్ల కిందికి చూసింది. ఆయన్ని చూసింది. ఆమెను చూసింది.

"క్షమించండి పిన్నిగారూ," అంది ఆమె.

ఫోన్లో రెండేళ్ళుగా విన్న గొంతు ముసలావిడ చెవులకు తెలుసు.

"నువ్వా తల్లీ..." చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "నా చోటు కొట్టేశావన్నమాట," అంది.

ఆ సాయంత్రం చెల్లెలి కూతురు ఎగురుకుంటూ వచ్చింది. "పెద్దమ్మా, చూశావా?"

"లేదే."

మొదటిసారి ఆ మాట చెప్పడానికి ఆమెకు సిగ్గు వేయలేదు.

మర్నాడు పొద్దున్న పదింటికి ఫోన్ మోగింది. మగగొంతు.

"అమ్మాయ్, ఇవాళ పలికారా?"

ఆమె మూడంతస్తులు ఎక్కింది. అడిగింది. దిగింది. "పలికారు బాబాయిగారూ."

రెండో రోజూ అంతే. మూడో రోజూ. నాలుగో రోజుకు ఆ గదిలోవాళ్ళే ఆమె కోసం చూడటం మొదలుపెట్టారు. "మీ బాబాయిగారికి చెప్పండి, పొద్దున్నే పలికారు. ఒకాయనకి జలుబట." ఆమె చెప్పింది. "వెల్లకిలా పడుకోవద్దనమ్మా," అన్నాడాయన. ఆ మాటా పైకి చేరింది. ఆ పైకి, ఆకాశంలోకి కూడా చేరిందని, అక్కడ ముగ్గురూ నవ్వారని తర్వాత తెలిసింది.

వాళ్ళు దిగి రావలసింది పన్నెండో రోజు.

ఇవాళ తొమ్మిదో రోజు.

ఇవాళ మూడో అంతస్తు గది తలుపు ఆమె తీసేసరికి ఎవరూ తల తిప్పలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి ఒక చెయ్యి పైకెత్తింది— ఆగండి. పిలుస్తోంది. ఆగుతోంది. మళ్ళీ పిలుస్తోంది. గొంతు మార్చకుండా, తొందరపడకుండా. ఎంతసేపటి నుంచి అని అడగబోయి ఆమె ఊరుకుంది.

పది అవుతోంది.

కిందికి దిగుతుంటేనే మోత వినిపించింది. పరుగెత్తి ఎత్తింది.

"అమ్మాయ్, ఇవాళ పలికారా?"

ఒకసారి తప్పు చెప్పింది ఈ మనిషికి. మళ్ళీ చెప్పదు.

"ఇంకా లేదు బాబాయిగారూ. పిలుస్తున్నారు. పిలుస్తూనే ఉన్నారు."

నేల వణకడం లేదు. ఏ కొండా కూలడం లేదు. అయినా ఆమె ఆయన ఊపిరి కోసం చెవి పెట్టి విన్నది. ఉంది. తిన్నగానే ఉంది.

"ఫోన్ పెట్టకమ్మా," అన్నాడాయన. "నేనూ ఉంటాను."

ఆమె పెట్టలేదు.

కిటికీ బయట ఆకాశం, మబ్బు తునక లేకుండా, నీలంగా... పెద్దగా. ఒక పక్షి దాన్ని అడ్డంగా దాటుతోంది. మూడో అంతస్తులో ఒక అమ్మాయి పిలుస్తోంది. కింద, చివరి గదిలో, ఫోన్‌కు ఇటు ఒకరు, అటు ఒకరు—

వింటున్నారు.