ఎండలో తిరిగిన ఏనుగు

మూడు నెలలుగా మా వదిన కుట్టిన గుడ్డబొమ్మ ఒక్కటీ అమ్ముడుపోలేదు. ముందుగదిలో అల్మారా నిండిపోయి, కొత్త బొమ్మలు కుర్చీలెక్కి కూర్చున్నాయి.

"ఈగలు తోలుకునే బేరం ఎందుకు వదినా? కొన్నాళ్లు ఆపెయ్" అన్నాను.

వదిన వినలేదు. పాత నోట్‌బుక్ తీసి, ఇదివరకు కొన్నవాళ్లందరికీ వరసగా ఫోన్లు చేసింది. "మీ బొమ్మ ఎలా ఉందండీ? కుట్లూడితే తీసుకురండి, ఊరికే బాగుచేసిస్తాను." ఎవరొస్తారులే అని నేను నవ్వుకున్నాను.

శనివారం పొద్దున తలుపు తీస్తే మెట్ల మీద పదకొండు మంది! చెవి లేని కుందేలు, పసిపిల్ల కొరికి తోక ఊడగొట్టిన పిల్లి, ఇంకా ఏవేవో. అందరికంటే వెనక ఒక పెద్దాయన, లారీ డ్రైవరు, తొండం వేలాడుతున్న గుడ్డ ఏనుగుతో నిలబడ్డాడు. ఏనుగు ఒకవైపు ముదురు నీలం. రెండోవైపు తెల్లగా వెలిసిపోయింది.

"ఏడేళ్లు లారీ అద్దం ముందే కూర్చుంది తల్లీ. ఎండంతా ఈ పక్కనే కాసింది. కొండలూ సముద్రమూ అన్నీ చూసింది. తొండం ఒక్కటి కుట్టు చాలు, రంగు జోలికి పోకు."

వదిన ఊరి పొలిమేర దాటి ఎరుగదు. ఏనుగును ఒళ్లో పెట్టుకుని, వెలిసిన వైపు నిమురుతూ, అది తిరిగిన ఊళ్ల పేర్లన్నీ ఆయన చేత చెప్పించుకుంది.

"నా కుట్టు సముద్రం దాకా వెళ్లొచ్చిందా?" అంది చివరికి.

బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లే ఆ రోజు ఆరు బొమ్మలు కొనుక్కెళ్లారు. వదినకు ఆ ధ్యాసే లేదు. డ్రైవరు చెప్పిన ఊళ్లన్నీ గుర్తుచేసుకుంటూ, ఏది ఎంత దూరమో నన్ను అడుగుతూ కూర్చుంది.