ఏటి ఊరు

బడికి ఫోను తెస్తే వీపు విమానం మోత మోగించే హెడ్మాస్టరు ఉన్న చోట, "ఇంట్లో వాళ్ల ఫోను పుచ్చుకుని ఊరంతా తిరిగి రండి" అని సోషల్ మేడం శ్రీలలిత చెప్పడం తొమ్మిదో తరగతికి పండగే అయింది.

పద్ధతి తేలికే. ఒక చోటికి వెళ్లాలి, అక్కడ నిలబడి యాప్‌లో చెక్ఇన్ కొట్టాలి, ఆ చోటి పేరు చెప్పి ఫొటో పెట్టాలి. అది క్లాసులో తెర మీది మ్యాపులో చుక్కలా వెలుగుతుంది; ఎంతమంది చెక్ఇన్ కొడితే చుక్క అంత పెద్దది. గోదావరి ఎక్కడ పుట్టిందో గడగడా అప్పజెప్పే పిల్లలకి తమ ఊరి పంట కాలువ ఎక్కడ మొదలవుతుందో అప్పుడే తెలిసింది. పెద్దవాళ్లూ మరిగారు. పాతపట్నం బస్సు మలుపు తిరిగిందనీ, సంతలో ఎండుచేపలు దిగాయనీ తల్లులు కూడా అందులోనే చూసుకుంటున్నారు.

మ్యాపంతా నిండింది, ఊరి పక్కన పారే మహేంద్రతనయ అవతలి గట్టు తప్ప. అక్కడ అదే తరగతి చదివే దుర్గాభవాని వాళ్ల ఊరుంది. ఊరంటే ఎంత, గుప్పెడు కొంపలు. కాగితాల్లో అది ఇవతలి ఊరిలో ఒక ముక్క, జనం నోట్లో "ఏటవతల". ఏరు దాటి బడికి రావడం దుర్గాభవానికి రోజూ ఉన్నదే. ఏరు దాటి ఆమె ఇంటికి వచ్చిన స్నేహితురాలు మాత్రం ఇంతవరకూ లేదు. ఈ శనివారం క్లాసంతా కలిసి ఎక్కడికి వెళ్లాలో మ్యాపు చూసి ఓట్లు వెయ్యమన్నారు మేడం. మ్యాపులో లేని ఊరికి ఓటెవరు వేస్తారు?

అందుకే ఓట్ల ముందురోజు సాయంత్రం తండ్రి నూకయ్య ఫోను పుచ్చుకుని, సిగ్నలు తగిలే ఇసుక మెట్ట ఎక్కింది. నాయనమ్మ గున్నమ్మ కర్ర పొడుచుకుంటూ వెనకే వచ్చింది. ఫొటో ఎక్కింది. ఆ ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టడం రాక దుర్గాభవాని మైకు నొక్కింది.

"ఈ ప్రదేశం పేరు చెప్పండి" అంది ఫోను.

గున్నమ్మకి చెవుడు. చెయ్యి అడ్డం పెట్టి చెవి ఒగ్గింది. "ఏటీ?"

ఫోనుకి ఆ మాట చాలు. "ఏటి" అని రాసేసుకుని టింగుమంది. దుర్గాభవాని దిద్దబోయేలోపు సిగ్నలు కాస్తా పోయింది.

"ఎవుల్తో మాటాడతన్నావే గుంటా?" అంది గున్నమ్మ.

"నీతోనే మామ్మా, నా ఖర్మ!"

మర్నాడు క్లాసులో తెర మీద ఏటి గట్టున కొత్త చుక్క వెలిగింది. పక్కన పేరు: ఏటి.

కిరాణా కొట్టువాళ్ల మురళీమోహన్ ఊరుకునే రకమా? "ఇది ఏటి ఊరు మేడం?" అన్నాడు.

"ఏటి!" అంది వెనక బెంచీ.

"అదే అడుగుతన్నాను, ఏటి?"

క్లాసు పగలబడి నవ్వింది. దుర్గాభవాని తల వాలిపోయింది.

"పొరపాటు పడ్డట్టుంది, సరిచేద్దాం. మీ ఊరి పేరు ఏమిటమ్మా?" అన్నారు మేడం.

చెబుదామంటే నోటికి వచ్చేది "ఏటవతల" ఒక్కటే. అవతల! ఎవరికి అవతల? తన గుమ్మంలో నిలబడితే ఈ బడే కదా అవతల! ఆ ఆలోచనతో దుర్గాభవానికి ఒళ్లు మండింది. లేచి నిలబడింది.

"దిద్దొద్దు మేడం. మా మామ్మ తెలీక అన్నాది గానీ, తప్పు అన్లేదు. ఏరుకి విభక్తి తగిలితే ఏటి అవుతాది, ఔపవిభక్తికం. తెలుగు మేష్టారు మొన్ననే సెప్పినారు. ఏరు తెచ్చిన మన్ను మీద కట్టుకున్నాం, ఏటి నీళ్లే తాగుతన్నాం. మాది ఏటి ఊరే. మావు అవతల లేం మేడం. మా గుమ్మంలోంచి సూడండి, మీరే అవతల!"

వెనక బెంచీ మెడలు సాచి తెర మీది చుక్క వంక చూసింది.

శ్రీలలిత మేడం పుట్టి పెరిగింది శ్రీకూర్మంలో. క్లాసులో మాత్రం పుస్తకాల తెలుగు వదలని మనిషి. "ఎంత బాగా సెప్పినావే గుంటా!" అనేసి, తన మాటకి తనే నవ్వేశారు. సంతోషం పొంగితే సొంత ఊరి మాటే వస్తుంది మరి.

"మేడం, నా ఓటు ఏటికే" అని మొదట చెయ్యెత్తింది మురళీమోహనే. ఆ తరవాత ఎత్తని చెయ్యి లేదు.

శనివారం క్లాసంతా చెప్పులు చేత పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో ఏరు దాటింది. నడిమధ్య మురళీమోహన్ జారి నిలువెల్లా తడిశాడు. నూకయ్య తేగలు కాల్చి ఉంచాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఇసుక మెట్ట ఎక్కి చెక్ఇన్ కొడుతుంటే ఏటి చుక్క చూస్తుండగానే బస్టాండు చుక్కని మించిపోయింది.

అరుగు మీద కూర్చున్న గున్నమ్మకి ఈ సందడేమిటో అంతు పట్టలేదు. తడి బట్టలతోనే మురళీమోహన్ ఆమె దగ్గరికి వెళ్లి అరిచాడు.

"మామ్మా! ఈ ఊరికి పేరెట్టింది నువ్వేనంట కదా! ఏ పేరెట్టావు?"

గున్నమ్మ చెవి ఒగ్గింది. "ఏటీ?"

"అదే మామ్మా, అదే!" అని క్లాసంతా ఒక్క గొంతుతో కేకేసింది.

దుర్గాభవాని నాయనమ్మ భుజం మీద చెయ్యి వేసి నిలబడి, అవతల ఉన్న బడి వంక చూసి నవ్వింది.