ఆదివారం ఎనిమిది నలభై అయిదు బస్సు

నేను ఒక పొడవాటి నోటుపుస్తకాన్ని. నూట తొంభై రెండు పేజీలు, ఎర్ర గుడ్డ వీపు, మూలలకు నల్ల అట్ట. ఇప్పుడు ఇటలీలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, కన్యస్త్రీల మఠం అతిథుల గదిలో, సొరుగులో ఉన్నాను. ఊరి పేరు అడక్కండి. నన్ను రాసిన మనిషి దాన్ని నాలో మూడు చోట్ల మూడు రకాలుగా రాశాడు, ఏది సరైనదో నాకే తెలియదు. ఇక్కడికి వచ్చినవాళ్లు నా పేజీలు తిప్పి ఎంత పొందికగా ఉందో అంటారు. అన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేను పుట్టింది గుంటూరులో ఒక బైండింగు షాపులో. మస్తాన్ అనే పెద్దాయన నన్ను కుట్టాడు. కుడుతున్నంతసేపూ పక్క షాపువాడితో రాజకీయాలు వాదించాడు, అందుకే నా మూడో కుట్టు కాస్త వంకర. తర్వాత ఒక పుస్తకాల కొట్టులో అలమరా పైఅరలో రెండు వానాకాలాలు గడిపాను. ఒక టీచరమ్మ నన్ను రెండుసార్లు తిప్పి చూసి, గీతలు మరీ దగ్గరగా ఉన్నాయని పెట్టేసింది. ఆమె కొని ఉంటే పిల్లల మార్కులు మోసుకుంటూ మర్యాదగా బతికేదాన్ని.

నన్ను కొన్నది ఇన్నయ్య. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ఏ బండి ఎన్నింటికి కదలాలో, ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో చెప్పే ఉద్యోగం. రిటైరయ్యాక బండ్లు పోయాయి గానీ చెప్పే అలవాటు పోలేదు. ఇంట్లో వినడానికి మిగిలింది ఆయన భార్య లూర్దమ్మ ఒక్కతే. ఆమెకు ఎదురు చెప్పే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు జసింత మఠంలో చేరి కన్యస్త్రీ అయింది. తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లోనే ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సు. ఆమె నిత్య మాటపట్టుకు ముహూర్తం వచ్చింది. అంటే బతికినంతకాలం మఠానికే కట్టుబడి ఉంటానని గుళ్లో అందరి ముందూ ప్రమాణం చేయడం. ఆదివారం పదిన్నర పూజలో తల్లీ తండ్రీ చెరో చెయ్యి పట్టుకుని కూతుర్ని పీఠం దాకా నడిపించాలి. పెళ్లిలో అప్పగింతల లాంటిది. ఆ నడక ఒక్కసారే ఉంటుంది.

వచ్చిన పింఛనులోనే ఇటలీ వెళ్లి రావాలి. ఇన్నయ్య అయిదు నెలలు నన్ను ముందేసుకుని కూర్చున్నాడు. పెద్ద రైళ్లకు ముందుగా కొంటే చవకని, చిన్న రైళ్లకు ఎప్పుడు కొన్నా ఒకటే ధరని కనిపెట్టాడు. కాగితం టికెట్టుకు ఎక్కేముందు స్టేషన్లోని మిషన్లో ముద్ర కొట్టించుకోకపోతే జరిమానా అని ఎర్ర సిరాతో రాసి రెండు గీతలు గీశాడు. రోము నుంచి తూర్పు తీరానికి రైలు కన్నా దూరపు బస్సే నయమని తేల్చాడు. అక్కడొక పట్నంలో రాత్రి పడక, పొద్దున్నే చిన్న రైలు, రైలు దిగాక చివరగా ఇరవై రెండు కిలోమీటర్లు బస్సు. ఎనిమిది నలభై అయిదుకు బస్సు, తొమ్మిదిన్నరకు మఠం గుమ్మం.

ఆ ఎనిమిది నలభై అయిదు పక్కన, అక్కడి బస్సుల టైంటేబుల్లో, ఒకదాని మీద ఒకటి వాలిన రెండు చిన్న సుత్తులు ఉన్నాయి. ఇన్నయ్య వాటిని నాలో ముచ్చటగా గీశాడు.

"సుత్తులేంటండీ?" అంది లూర్దమ్మ.

"గ్యారేజీ గుర్తు. బండి వర్కుషాపులో చూపిచ్చుకుని నేరుగా వస్తదన్నమాట. అంటే కండిషన్లో ఉంటది."

"శనివారమే పోయి మఠంలో ఉంటే పోలా? రమ్మన్నారుగా."

"సిస్టర్లకి మనం భారమెందుకు? ముప్పై నాలుగేళ్లు బండ్లు నడిపిచ్చినోణ్ణి. నాకు చెప్పమాక."

ఆమె ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. నాకు నోరు లేదని సర్దిచెప్పుకోవచ్చు గానీ, నిజానికి ఆయన మాటే నాకూ నచ్చింది.

ప్రయాణమంతా నాలో ఉన్నట్టే జరిగింది. ఆదివారం పొద్దున టికెట్లకు ముద్ర కొట్టించి ఇన్నయ్య నన్ను తెరిచి టిక్కు పెట్టాడు. చిన్న రైలు ఎనిమిదీ ఇరవైకి చేరాలి. రెండు నిమిషాల ముందే చేరింది. అదీ రాసి ఇంకో టిక్కు పెట్టాడు. గర్వంతో నా అట్టలు బిగిసిపోయాయి.

స్టేషను బయట ఒక బెంచీ, ఒక స్తంభం, స్తంభానికి టైంటేబుల్. ఎనిమిది నలభై అయిదు అయింది. తొమ్మిదైంది.

"పంచరై ఉంటది. ఇంకో బండి వేసి పంపుతారులే," అన్నాడు ఇన్నయ్య.

తొమ్మిదిన్నరకు కుక్కను తిప్పుకుంటూ ఒకావిడ వచ్చింది. వీళ్లను చూసి జాలిపడి, స్తంభం మీది సుత్తులను వేలితో చూపించింది. తర్వాత పారతో తవ్వుతున్నట్టు చేతులాడించి తలూపింది. ఆ తర్వాత చేతులు జోడించి కళ్లు మూసుకుని, వేలు అడ్డంగా తిప్పింది. పనిరోజుల్లోనే బస్సు, పూజకెళ్లే రోజున లేదు. లూర్దమ్మకు వెంటనే అర్థమైంది. ఇన్నయ్యకు అర్థం చేసుకోవడానికి మనసొప్పలేదు.

"ఆదివారమొస్తే పెళ్లిళ్లకి అదనపు బండ్లేసేవాళ్లం మేము," అన్నాడు ఆ కుక్క వంక చూస్తూ.

టాక్సీ లేదు. జసింత ఫోను ఆపేసి ఉంది, ప్రార్థనలో ఉండి ఉంటుంది. పదకొండున్నరకు ఎవరో పుణ్యాత్ముడు కారాపి ఎక్కించుకున్నాడు. వీళ్లు చేరేసరికి గుడి ఖాళీ, మఠం వసారాలో జనం కేకు తింటున్నారు. జసింతను పీఠం దాకా ఆశ్రమంలో వంట చేసే ముసలి సిస్టరు, గుడి గంట కొట్టే ఆయన చెరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారట.

జసింత పరుగున వచ్చి తల్లిని వాటేసుకుంది. "ఏమైంది నాన్నా?" అంది.

"రైలు లేటమ్మా. ఈ దేశంలో రైళ్లకి ఒక టైమూ పాడూ లేదు."

లూర్దమ్మ భర్త ముఖంలోకి ఒక్కసారి చూసి, కూతురి తలముసుగు సర్దడం మొదలుపెట్టింది. నేను ఆయన చేతిసంచిలో ఉన్నాను. రెండు నిమిషాల ముందే వచ్చిన రైలుకు ఆయన పెట్టిన టిక్కు నా కడుపులో ఉంది. ఆ రెండు రోజులూ ఆయన ఆ అబద్ధాన్ని ముగ్గురు నలుగురికి చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ రైలు ఇంకో పావుగంట లేటయింది. నేను సిగ్గుతో చచ్చాను.

మూడో రోజు మఠం పెద్దమ్మగారు అల్పాహారం దగ్గర నన్ను చూసింది. పేజీలు తిప్పి ముచ్చటపడింది. ఆమె అన్నది జసింత తెలుగులో చెప్పింది. "వచ్చే నెల వినుకొండ సిస్టరు మాటపట్టు ఉంది నాన్నా. వాళ్ల అమ్మానాన్నలక్కూడా ఇదే మొదటి రాక. నీ పుస్తకంలో దారంతా ఉంది కదా, ఫొటోలు తీసి వాళ్లకి పంపుతామంటున్నారు."

ఇన్నయ్య చేతిలో రొట్టెముక్క అక్కడే ఆగిపోయింది. "సాయంత్రం ఇస్తాలే," అన్నాడు.

పగలంతా పెరట్లో బట్టలారేసే తీగల కింద కూర్చున్నాడు. ఆ ఆదివారం పేజీ చింపబోయాడు, ఆగాడు. ఎనిమిది నలభై అయిదు కొట్టేసి ఊరుకుంటే సరిపోతుందనుకున్నాడు, కొట్టేశాడు కూడా. చివరికి నా మొదటి పేజీ తీసి, డిపోలో నోటీసు రాసినట్టు పెద్దక్షరాలతో రాశాడు. "ఈ దారిన ఆదివారం రావద్దు. ఆదివారం బస్సు లేదు. మా రైలు లేటు కాలేదు. నా భార్య శనివారమే పోదామంది, నేను వినలేదు. మా అమ్మాయి చెయ్యి పట్టుకునే భాగ్యం నా మూలాన మాకు పోయింది. ఇన్నయ్య."

సాయంత్రం పెరట్లోకి వచ్చిన జసింత చేతిలో నన్ను పెట్టాడు. ఆమె నిలబడే చదివింది.

"ఆదివారం బస్సు లేదని నాకు తెలుసు నాన్నా," అంది. "ఆదివారం పొద్దున్నే వస్తామని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు నోటిదాకా వచ్చింది. బస్సుల సంగతి నీకు నేను చెప్పేదేంటి, కోప్పడతావని ఊరుకున్నా. ఏదో బండి మాట్లాడుకునుంటావులే అనుకున్నా."

ఇన్నయ్య కోప్పడలేదు. తీగ మీద దుప్పటి తీస్తున్న లూర్దమ్మ వైపు చూశాడు, ఆమె చూపు తిప్పుకుంది. "ఒక్క ముక్క చెప్పడానిక్కూడా భయపడేట్టు చేశానా అమ్మా మిమ్మల్ని," అన్నాడు.

వాళ్లు వెళ్లిపోయారు, నేను ఉండిపోయాను. ఏటా ఇద్దరు ముగ్గురు సిస్టర్ల తల్లిదండ్రులు ఈ గదిలో దిగుతారు. దారి ఉన్న పేజీల ఫొటోలు మఠంవాళ్లు ముందే పంపి ఉంటారు, ఇక్కడికొచ్చాక అసలు పుస్తకాన్ని తీసి చూస్తారు. మొదటి పేజీ చదివి కొందరు నవ్వుతారు. నాకు సిగ్గేస్తుంది, అయినా నవ్వనీ. అందరూ శనివారమే వచ్చేస్తున్నారు.